అతుకుల బొంత - దాని పూర్వోత్తరములు

ఏ పనియైనను పొందిక లేక యున్నచో దానిని "అతుకుల బొంత" యని ఎగతాళి చేయుట మన తెలుగువారికి వాడుక. నాలుగు పార్టీలు కలిసి నడపు ప్రభుత్వమును అట్లే యందుము. నాలుగు పుస్తకములనుండి ముక్కలు తెచ్చి చేర్చిన వ్యాసమును అట్లే యందుము. ఈ మాట వినినప్పుడెల్ల మాకు మనసున కొంత నొప్పి కలుగుచుండును. ఏలయన, బొంతలో పొందిక లేదనుట నిజము కాదు. పొందిక లేనిచో అది బొంతయే కాదు, చింకిగుడ్డల మూట మాత్రమే. అక్కరకు రాని ముక్కలను ఒక క్రమమున నిలిపి, చూచువారు మెచ్చునట్లు చేయుటయే బొంత యొక్క ప్రయోజనము. అందు మఱియొక వింత గలదు. ఆ మెప్పు కష్టమైన కుట్టువలన వచ్చునది కాదు. ఏడేండ్ల పిల్ల నేర్వదగిన కుట్టుతోనే అది సిద్ధించును. ఈ సంగతిని చరిత్రనుండి కొన్ని నిదర్శనములతో మనవి చేయుటయే ఈ వ్యాసమునందు మా ఉద్దేశము.

మొదట పేరు సంగతి చూతము. చింపిగుడ్డలు కూర్చి కుట్టిన వస్త్రమునకు సంస్కృతమున "కంథ" యని పేరు. ఒడియాలోను, వంగభాషలోను అదే పదము స్వల్పభేదముతో నేటికిని నిలిచియున్నది. తమిళమున "కందై" యనగా చింకిగుడ్డ. చింకిగుడ్డయైనను ఉతికి కట్టుకొమ్మని ఆ భాషలో ఒక సామెత గలదు. మహారాష్ట్రులు దీనిని "గోధడీ" యందురు. కన్నడిగులు "కౌది" యందురు. మనము "బొంత" యందుము. ఈ సంచికను చదువు కుటుంబములలో బరంపురమువారును, షోలాపురమువారును, బళ్లారివారును, మధురవారును, యానామువారును గలరు. వీరందఱి యిండ్లలోను ఈ వస్తువు ఒక్కటే. ఇరుగుపొరుగువారు పిలుచు పేరు మాత్రమే వేఱు.

అతుకుల వస్త్రమునకు గౌరవస్థానము లభించిన తొలి కథ బౌద్ధ గ్రంథములలో నున్నది. బుద్ధుడు మగధదేశమున సంచరించుచు, గట్లతో చిన్న పెద్ద మడులుగా విభజింపబడిన వరిపొలములను చూచెననియు, భిక్షువులకు అట్టి తీరున చీవరములు సమకూర్చగలవా యని శిష్యుడగు ఆనందుని అడిగెననియు వినయపిటకములోని మహావగ్గమున గలదు. ఆనందుడు ముక్కలను కత్తిరించి, పొలమునందలి గట్లవలె అతుకులు వచ్చునట్లు కుట్టి చూపగా బుద్ధుడు సంతోషించెను. ముక్కలుగా కోసిన గుడ్డను దొంగలును ఆశింపరు. సన్న్యాసికి అది తగిన వస్త్రమని ఆయన అభిప్రాయము. కృష్ణాతీరమున అమరావతి, నాగార్జునకొండ విహారములందు వసించిన భిక్షువులును ఇట్టి అతుకుల చీవరములు ధరించినవారే. ఆనందుడు చేసినదేమి? క్రొత్త కుట్టు కనిపెట్టలేదు; పొలమును చూచి అమరికను గ్రహించెను. బొంత విద్య యంతయు ఈ కథలో ఇమిడియున్నది.

ఇక మన యిండ్లలోని బొంతను గూర్చి. దీనికి కావలసిన సామగ్రి స్వల్పము. రెండు మూడు పాతచీరలు, ఒక పాత పంచె, పొడవైన సూది, గట్టి దారము. చీరలను మడతపెట్టి నేలపై ఒకదానిపై నొకటి పఱచి, మూలలయందు బరువు లుంచి, ముడుతలు లేకుండ చేతితో సవరించి, పొరలు జరుగకుండుటకై మొదట పెద్ద పెద్ద టాకాలు వేయుదురు. పిమ్మట అంచునుండి అంచునకు వరుసగా కుట్టుకొని పోవుదురు. సూదిని పైనుండి క్రిందికి, క్రిందినుండి పైకి పోనిచ్చుటయే కుట్టు. అంతకు మించి ఏమియు లేదు. చేయి తిరిగినవారు సూదిమొనపై నాలుగైదు పోట్లు ఎక్కించుకొని ఒక్కమాఱు దారము లాగుదురు. కావుననే పని త్వరగా సాగును.

పాతబట్టయే ఏల యని అడుగవచ్చును. పొదుపు ఒక కారణము. అదియొక్కటే కారణము కాదు. పలుమాఱులు ఉతికిన గుడ్డలో గంజి యుండదు. ముడుచుకొనవలసినంత ముడుచుకొనియే యుండును. మెత్తనై యుండుటచే సూది ఐదాఱు పొరలలోనికైనను సులభముగా దిగును. క్రొత్తగుడ్డను పాతగుడ్డతో చేర్చి కుట్టినచో మొదటి ఉతుకుననే క్రొత్తది ముడుచుకొని బొంత వంకరపోవును. కావున క్రొత్తగుడ్డ వాడవలసివచ్చినప్పుడు ముందుగా దానిని నీటిలో నానబెట్టి, ఆరవేసి, పిమ్మట కత్తిరింపవలెను. చిన్న జాగ్రత్తయే గాని, దీనిని మఱచినవారి శ్రమ యంతయు వ్యర్థమగును.

వ్రేలెడు దూరముననుండు ఈ కుట్టువరుసలు దారమును కొంచెము బిగించుటచే, వరుసకును వరుసకును నడుమ గుడ్డ స్వల్పముగా ఉబ్బును. వెలుగు ప్రక్కగా పడినప్పుడు ఉబ్బినచోట కాంతియు, అణగినచోట నీడయు ఏర్పడి, గాలికి కదలెడు చెఱువునీటివలె బొంత యంతయు అలలు దేరి కనబడును. దీనిని చూచి ఎంతటి నైపుణ్యమో యని పరులు ఆశ్చర్యపడుదురు. కుట్టిన యామెకు మాత్రము తెలియును, తాను చేసినది ఒక్క టాకాయే యని. వంగదేశపు కాంథాలలోని పూలును, ఏనుగులును, రథములును పెక్కుమట్టుకు ఈ కుట్టుతో వెలసినవే. పాతచీరల అంచులనుండి రంగుదారములు ఊడదీసి అక్కడి స్త్రీలు వానితోనే చిత్రములు కుట్టుచుండిరి.

కర్ణాటకమున ఉత్తర కన్నడజిల్లాలో ఎల్లాపురము, హళియాళము, ముండగోడు ప్రాంతములందు సిద్దీలను జనులు గలరు. వీరి పూర్వులు ఆఫ్రికానుండి వచ్చినవారు. వారిలో పెక్కుమంది పోర్చుగీసువారిచే గోవాకు బానిసలుగా తేబడి, అచ్చటినుండి తప్పించుకొని అడవులు చేరిరి. ఈ జిల్లా సిద్దీలకు 2003లో షెడ్యూల్డు తెగల జాబితాలో స్థానము లభించినది. వీరి స్త్రీలు కుట్టు బొంతకు "కవంది" యని పేరు. దీని పద్ధతి విశేషమైనది. ఒక మూలనుండి మొదలుపెట్టి, నాలుగంచులవెంట ముక్కలు చేర్చుచు, కుట్టుచు, చుట్టునుండి నడిమికి వచ్చి ముగింతురు. ముందుగా గీతలు లేవు, కొలతలు లేవు, చట్రము లేదు. కుట్టుచున్నప్పుడే ముక్క అంచు లోనికి మడచి టాకా వేయుటచే, ముక్కలను చేర్చుటయు, పొరలను బిగించుటయు ఒకే పనిలో తీరిపోవును. రెండుపనులు ఒక్కటిగా చేయుటయే ఇచ్చటి వేగమునకు కారణము. తుదకు నాలుగు మూలలయందు మడతపెట్టిన చిన్న రంగుముక్కలు కుట్టుదురు. వానిని పూలందురు. ఆ పూలు లేనిచో కవంది దిగంబరముగా నున్నట్లే యని వారి భావము. వారిలో హిందువులును, ముసల్మానులును, క్రైస్తవులును గలరు. సిలువను కుట్టువారు సిలువను, నెలవంకను కుట్టువారు నెలవంకను కుట్టుదురు. మూలల పూలు మాత్రము అందఱికిని సమానమే.

బొంత బీదల సొత్తు మాత్రమే యని తలచువారికి సముద్రము దాటిన కథ యొకటి చెప్పవలసియున్నది. అది మన తీరపు కథయే. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను మచిలీపట్నమున వర్తకస్థానము లేర్పరచుకొనిరి. 18వ శతాబ్దమున ఫ్రెంచివారు యానాములోను స్థిరపడిరి. వీరందఱును కోరి వచ్చిన సరకులలో ముఖ్యమైనవి నూలుబట్టలు. చిరివేరుతో ఎఱుపుదేఱి, ఉతికినను రంగు పోని అద్దకపు గుడ్డలు ఐరోపా జనులకు అపురూపములు. పడకపై పఱచు పెద్ద దుప్పట్లపై ఒక చెట్టు, దానికొమ్మలపై నానావిధములగు పూలు వ్రాయించి పంపుచుండిరి.

ఈ గుడ్డల మోజు హెచ్చుటచే అక్కడి నేతగాండ్ర జీవనము చెడుచున్నదని అలజడి కలిగెను. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో అద్దకపు గుడ్డలను నిషేధించెను. ఇంగ్లండు 1700లోను, మరల 1721లోను శాసనములు చేసెను. ఫ్రాన్సున ఈ నిషేధము 1759లో తొలగెను. ఇంగ్లండున 1774లో తొలగెను. నిషేధింపబడిన వస్తువుపై మనుజులకు మక్కువ హెచ్చుట సహజము. చిన్న ముక్కయైనను పారవేయక దాచుకొనిరి. ఇంగ్లండు ఉత్తరభాగమున లెవెన్సు హాలను పాతభవనములో నేటికిని ఒక బొంత గలదు. అది 1708 ప్రాంతమున భారతదేశపు అద్దకపు గుడ్డల ముక్కలతో కుట్టబడినదని చెప్పుదురు. అచ్చటి స్త్రీలు మఱియొక ఉపాయమును అవలంబించిరి. అద్దకపు గుడ్డనుండి పూవును పూవుగా, పక్షిని పక్షిగా ఆకారమువెంట కత్తిరించి, వెడల్పైన తెల్లని గుడ్డపై దూరదూరముగా అమర్చి, అంచులవెంట కుట్టుచుండిరి. ఒక గజము గుడ్డతో పడక యంతయు పూలతోట యగుచుండెను. ఈ పనికి పిమ్మట "బ్రోదరీ పెర్స్", అనగా పారశీకపు కుట్టు అని పేరు వచ్చెను. గుడ్డ వచ్చినది హిందూదేశమునుండి, పేరు దక్కినది పారశీకులకు!

ఇచ్చటను గమనింపదగినది ఒక్కటే. ఆ దొరసానులు పువ్వును దారముతో కుట్టి సృష్టింపలేదు. దానిని మన అద్దకపువారు ముందే వ్రాసియుండిరి. వారు చేసినది కత్తిరింపు, అమరిక, అంచుకుట్టు. పనిలో హెచ్చుభాగము గుడ్డయే చేసిపెట్టినది. మంచి గుడ్డను ఎన్నుకొనుట సగము కుట్టుతో సమానమని దీనివలన తెలియుచున్నది.

గుడ్డపై గుడ్డ కుట్టు ఈ విద్య మనదేశమునకు క్రొత్త గాదు. ఒడిశాలో పూరీ సమీపమున పిపిలి గ్రామపు దర్జీలు జగన్నాథస్వామి సేవకై చాందువలు, గొడుగులు కుట్టుటలో ప్రసిద్ధులు. రథయాత్రలో జగన్నాథుని రథమునకు ఎఱుపు పసుపులును, బలభద్రుని రథమునకు ఎఱుపు ఆకుపచ్చలును, సుభద్ర రథమునకు ఎఱుపు నలుపులును గల గుడ్డలు కప్పుదురు. తంజావూరున దేవాలయ రథములకు వ్రేలాడదీయు గొట్టమువంటి "తొంబై"లును ఇట్టి అతుకుపనియే. దూరమునుండి లక్షలజనులు చూడవలసిన వస్తువులో సన్నని కుట్టు ఎవరికి కనబడును? కనబడునది రంగు, ఆకారము, ఎదురెదురు వర్ణముల పోటీ. గుడ్డను నాలుగుమడతలు పెట్టి ఒక్కమాఱు కత్తెర నడిపినచో నాలుగు రేకులును సమముగా వచ్చును. ఇది కాగితపు తోరణము కత్తిరించు పిల్లలకును తెలిసిన ఉపాయమే.

19వ శతాబ్దమున కుట్టుమిషను వచ్చెను. అమెరికాలో ఎలియాస్ హోవె 1846లోను, ఐజక్ సింగర్ 1851లోను తమ యంత్రములకు హక్కుపత్రములు పొందిరి. యంత్రము వచ్చినచో చేతిపని నశించునని పలువురు భయపడిరి. ఐనను బొంత నశింపలేదు, క్రొత్తదారి పట్టినది. ఫ్లోరిడా రాష్ట్రములోని సెమినోల్ అను ఆదివాసి స్త్రీలు 20వ శతాబ్దపు తొలిదశకములలో చేతిమిషనుపై ఒక సులభోపాయమును వృద్ధిచేసిరి. చిన్నముక్కలను ఒక్కొక్కటిగా కుట్టుటకు మాఱుగా, పొడవైన పట్టీలను ముందుగా జతపఱచి, ఆ జతను అడ్డముగా కోసి, కోసిన ముక్కలను స్థానము మార్చి మరల కుట్టుటయే ఆ ఉపాయము.

దీని లాభమును లెక్కతో చూపుదుము. 4 అంగుళముల వెడల్పును, 40 అంగుళముల పొడవును గల పట్టీలు నాలుగు తీసికొనుడు. రెండు ఎఱుపు, రెండు తెలుపు. ఎఱుపు, తెలుపు, ఎఱుపు, తెలుపు అను వరుసలో కాలంగుళము అంచు విడిచి కుట్టుడు. కుట్లు మూడు. ఈ గుడ్డను అడ్డముగా 4 అంగుళముల కొకటి చొప్పున కోసినచో పది ముక్కలు వచ్చును. ఒక్కొక్కదానిలో నాలుగు గళ్లుండును. ఒకటి విడిచి ఒకటి తలక్రిందులుగా త్రిప్పి, ఈ పదింటిని చేర్చుటకు తొమ్మిది కుట్లు. మొత్తము పండ్రెండు తిన్నని కుట్లతో నలుబది గళ్ల చదరంగపు పలక సిద్ధమగును. అదే ముక్కముక్కగా కుట్టినచో ముందుగా అడ్డవరుసలకు ముప్పదియు, వరుసలను చేర్చుటకు తొమ్మిదియు, వెరసి ముప్పదితొమ్మిది కుట్లు కావలెను. ఇట్టి పలకలు రెండు ప్రక్కప్రక్కన చేర్చినచో 28 అంగుళముల వెడల్పు, 35 అంగుళముల పొడవు గల ఉయ్యాలబొంత పైపొర యగును. క్రింద మెత్తని పాతచీర నుంచి, గళ్ల మూలలవెంట ఏటవాలుగా టాకాలు వేసినచో చాలును. చూచినవారు నెలరోజుల పని యనుకొందురు. గళ్లు సరిగా కలియవలెనన్నచో కోత తిన్నగా నుండవలెను; కావున ఇందు ఓర్పు చూపవలసినది సూదికడ గాదు, కత్తెరకడ.

ఇంతవరకు పరుల కథలు చెప్పితిమి. మా యింటి కథ యొకటి చెప్పకున్నచో ఈ వ్యాసము వ్రాయుటకు మాకు అర్హత లేదు. మాది బళ్లారి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము వేఱుపడినప్పుడు మా ఊరు మైసూరురాష్ట్రమున చేరినది. మా పెద్దలు ఎచ్చటికిని కదలలేదు, సరిహద్దు కదలినది. మా అమ్మగారు బొంత కుట్టుట ప్రక్కయింటి కన్నడపు అవ్వగారికడ నేర్చిరి. ఆమె "కౌది" యనెడిది, మా అమ్మగారు "బొంత" యనెడివారు, కుట్టుచున్నది ఒక్కటే. ఆ బొంతలో మా అమ్మమ్మగారి వెంకటగిరి చీర ముక్కలు, ఆ అవ్వగారు ఇచ్చిన ఇళకల్లు చీర ఎఱ్ఱకొంగు, మా నాయనగారి పంచె, మా బడినాటి ఖాకీ నిక్కరు ముక్కలు నుండెను. ఏ పుస్తకమునను వ్రాయని మా కుటుంబ వృత్తాంతము దానిపై వ్రాయబడియుండెను. మేము కచేరిలో జీవితమంతయు దస్త్రములు భద్రపఱచితిమి గాని, ఇంటిలోని ఆ దస్త్రమును గుర్తింపలేదు.

క్రొత్త అద్దెయింటికి మాఱుచున్న దినమున, పాతబట్టలకు స్టీలుసామాను ఇచ్చు మనిషి వీథిలోనికి రాగా, ఆ బొంతను కూడ మూటలో చేర్చి ఒక స్టీలుగిన్నె తీసికొంటిమి. అమ్మగారికి చెప్పలేదు. సాయంకాలము ఆమె వెదకి, సంగతి విని, గిన్నెను చేతితో నొక్కి చూచి, "దాంట్లో మీ నాయన పంచె ఉండె కదప్పా" అని మాత్రము అనిరి. మఱునాడు ఆ మనిషికై బజారులన్నియు తిరిగితిమి, దొరకలేదు. ఆ గిన్నె నేటికిని మా వంటింటిలో నున్నది. అమ్మగారు లేరు.

మా మనుమరాలు పుట్టినప్పుడు మా యింటివారు పైన చెప్పిన పట్టీల పద్ధతిలో ఒక ఉయ్యాలబొంత కుట్టిరి. ఎఱుపు మా అమ్మగారి పెట్టెలో మిగిలిన చీర, తెలుపు మా పంచె. రెండు మధ్యాహ్నములలో ముగిసెను. చూడవచ్చినవారందఱు ఎచ్చట కొంటిరని అడిగిరి. పోయిన బొంతకు ఇది బదులు కాదు. ఐనను ఆ బిడ్డ మాటలు నేర్చునప్పుడు "బొంత" యను మాటను కూడ నేర్చుకొనినది. బడిలో కన్నడమును, ఆంగ్లమును చదువు పిల్లకు ఇంటిలోని తెలుగు ఇట్టి వస్తువులనుబట్టియే అందును. వస్తువు పోయినచో దాని మాటయు వెంటనే పోవును. పొర, టాకా, అతుకు, అంచు, కొంగు - ఇవన్నియు బొంతతో వచ్చు మాటలు.

ఎక్కువ తీరిక లేదని నేటి గృహిణులు చెప్పుదురు, అది నిజమే. కాని ఈ విద్య తీరిక లేనివారికొఱకే పుట్టినది. పొలమునుండి వచ్చిన కూలిస్త్రీ, వంట ముగించుకొనిన ఇల్లాలు, అడవిలోని సిద్దీస్త్రీ దీనిని పెంచిరి. గుడ్డకును కొదువ లేదు. మా బళ్లారిలో జీన్సు దుస్తులు కుట్టు పరిశ్రమ గలదు. అక్కడి కత్తిరింపుముక్కలు దళసరియగుటచే పొర యొకటి తగ్గించినను చాలును, మిషనుకు 16వ నంబరు సూది వేసికొనవలెను. నేతపని నమ్ముకొనిన తెలుగు కుటుంబములు పెక్కు గల షోలాపురమున నూలుగుడ్డకు కఱవుండదు.

కావున మన సంఘములవారికి మాదొక మనవి. రాబోవు ఉగాదికి సభ్యకుటుంబములు ఒక్కొక్క పాతగుడ్డముక్కను తెచ్చి ఇచ్చునట్లును, పెద్దస్త్రీలు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని వానిని ఒకటిగా కుట్టునట్లును ఏర్పాటు చేయవలెను. ఏ ముక్క ఎవరి చీరయో, ఏ ఊరిదో ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. అంతకుముందు ఇంటిలోని పాతపెట్టెలు ఒకమాఱు తెఱచి చూడుడు. స్టీలుగిన్నెలవాడు వీథిలోనికి వచ్చినప్పుడు, మూట కట్టకముందు పెద్దవారిని అడుగుడు.